మా వదిన గురువులు, మా నాలుగో అంతస్తు

మా వదిన ఇళ్లమ్మే ఏజెంటు అయిందని తెలిసిన రోజున నేను కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వడం తప్పే. కానీ వదినను చూసి నవ్వే హక్కు ఆడపడుచుకు పుట్టుకతోనే వస్తుంది, దాన్ని నేను ఏనాడూ వృథా పోనివ్వలేదు.

అంతకుముందు ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. ఎవరొచ్చినా అద్దం ముందు కూచోబెట్టి, తల కాస్త పక్కకు వాల్చి చూసి, "ఈ ఫ్రేము మీకొద్దండీ, ఇందులో ఇప్పుడే ఏడ్చి వచ్చినవాళ్లలా ఉన్నారు" అని మొహం మీదే చెప్పేది. జనం నొచ్చుకునేవారు. నొచ్చుకుని, ఇంకో ఫ్రేము కొనుక్కుని మరీ వెళ్లేవారు. దుకాణం పెట్టిన అన్నదమ్ములిద్దరూ కొట్టుకుని షట్టరు దించేసరికి ఆవిడ వీధిన పడింది. "ఇన్నాళ్లు చేసింది చాలు, ఇంట్లో హాయిగా కూచో" అన్నాడు మా అన్నయ్య. హాయిగా కూచోవడం ఒక్కటే మా వదినకు చేతకాని పని. పుస్తకాలు తెచ్చుకుని పరీక్ష రాసింది, పాసైంది, లైసెన్సు చేతికి తెచ్చుకుంది.

అక్కడితో పనైపోయిందనుకున్నాం. కాలేదు. లైసెన్సు ఒక్కటే ఉంటే చాలదట, ఇళ్ల వ్యాపారం చేసే సంస్థ ఏదో ఒకదాని నీడన చేరితేనే అది చెల్లుతుందట. లేకపోతే గోడకు తగిలించుకుని చూసుకోవడమే. దాంతో మా వదిన సంస్థల వేటలో పడింది. పెళ్లి సంబంధాలు వెతికినట్టే వెతికింది. అక్కడా అంతే, చూపులప్పుడు అందరూ బుద్ధిమంతులే. "నేర్పించేదెవరు? మొదటి గిరాకీని ఎవరు చూపిస్తారు? నేను తప్పు చేస్తే పక్కన ఎవరుంటారు?" అని ఈవిడ అడిగేది. వాళ్లేమో గోడ మీద పెద్ద సూర్యోదయం బొమ్మ చూపించి, "మాది సంస్థ కాదండీ, కుటుంబం" అనేవారు. మా వదినకు కుటుంబం అంటే ఏమిటో తెలుసు. అందుకే రెండుమూడు చోట్ల నుంచి చెప్పులు తొడుక్కుని వచ్చేసింది.

చివరికి ఒక అద్దాల ఆఫీసులో కుదురుకుంది. ఎందుకంటే అక్కడ కొత్తవాళ్లకు ఒక గురువు ఉన్నాడు. ఆయన అసలు పేరు నాకు తెలియదు. మా ఇంట్లో ఆయన పేరు చప్పట్ల సారు.

చప్పట్ల సారు పొద్దున్నే కొత్త ఏజెంట్లందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తాడు. ముందు తమకు తాము, తర్వాత పక్కవాళ్లకు, చివర్లో ఇంకా కొనని కొనుగోలుదారుకు. ఆ ఆఫీసు మధ్యలో ఒక గంట వేలాడుతుంటుంది. ఇల్లు అమ్మినవాళ్లు దాన్ని మోగించాలి. మా వదిన చేరిన మొదటిరోజే దాన్ని కాస్త కదిపి చూసి, చేతికంటిన తుప్పును రుమాలుతో తుడుచుకుంది. ఆ తుప్పు చూసినా వెనక్కి రాలేదంటే పాపం ఎంత ఆశపడిందో మీరే అర్థం చేసుకోండి.

ఆయన నేర్పే చదువంతా మాటల చదువు. ఇరుకు గదిని ఇరుకు అనకూడదు, ఒదిగి ఉండే గది అనాలి. వెలుతురు రాని గది ఉంటే, అది ఎండాకాలం చల్లగా ఉండే గది. ఇంటి వెనక రైలు పట్టాలుంటే రవాణా సౌకర్యం. ఇంట్లోకి ఎవరు అడుగుపెట్టినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, కళ్లు మూసుకుని, "ఆహా! గాలి!" అనాలి. మా వదిన మా ఇంటికొచ్చి ఇది చేసి చూపిస్తే, నేను వంటింట్లోంచి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాను, కళ్లు తిరుగుతున్నాయేమోనని.

"ఇంతకీ ఆయనెన్ని ఇళ్లు అమ్మాడు వదినా?" అన్నాను.

"అది అడక్కూడదట మరదలా. నెగటివ్ అట."

ఆయన పెట్టిన మొదటి హోమ్‌వర్కు ఏమిటంటే, చుట్టాల్లో ఇల్లు అమ్మాలనుకునేవాళ్లను పట్టుకురావడం. వదిన వెతుక్కోనక్కర్లేకపోయింది. మేమున్నాం.

మా సంగతి చెప్పాలి. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా క్లచ్చి తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. మొదట్లో సాయంత్రాలు కిందికి దిగేవారు. తర్వాత మధ్యలో మెట్ల మీద కూచుని కూచుని దిగేవారు. ఆ తర్వాత ఆసుపత్రికి తప్ప దిగడం మానేశారు. చివరికి డాక్టరు ఏమీ కొత్తగా చెప్పడం లేదని ఆసుపత్రికీ మానేశారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద పోయేవాళ్ల నడినెత్తులు చూస్తూ కూచునేవారు. బస్సులో ఆయన తలపైన "డ్రైవరుతో మాట్లాడరాదు" అని బోర్డు ఉండేది. రిటైరయ్యాక ఆ బోర్డు ఇంటికి తెచ్చుకున్నారా అన్నట్టు బతికారు. నాలుగంతస్తులెక్కి పలకరించడానికి ఎవరొస్తారు? నేనొక్కదాన్నే దిక్కు. నాతో ఎంతసేపని మాట్లాడతారు, సగం మాటలు నేనే మాట్లాడేస్తాను కదా.

ఈ ఇల్లు అమ్మి, నేల మీద ఒక ఇల్లు కొనుక్కుంటే ఆ మనిషి మళ్లీ వీధి మొహం చూస్తాడు. నా కోరిక అంతే. అది తప్ప ఇంకేమీ వద్దు. ఆయనా తలూపారు. అందుకే వదినను పిలిచి, "ఎగతాళి చేశాను గానీ, నీకు దణ్ణం పెడతాను, ఈ ఇల్లు అమ్మిపెట్టు" అన్నాను.

ఆవిడ కళ్లు మెరిశాయి. "మెట్ల సంగతి సారు చెప్పారు. మెట్లు అనకూడదట. ఆరోగ్యం అనాలట."

ఒక ఆదివారం పొద్దున్న అందరూ వచ్చి చూసుకునేలా తలుపులు బార్లా తెరిచి పెట్టాం. జనం వస్తారో రారో అని నేను పాలు తక్కువే తెప్పించాను. ఏం చెప్పను! మెట్ల నిండా చెప్పులే. ఒకరి వెనక ఒకరు, ఇస్త్రీ బట్టలు, చేతిలో ఫైళ్లు. మా ఆయన చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, హాల్లో కూచుని ప్రతివాళ్లనూ "రండి రండి" అని ఆహ్వానిస్తున్నారు. ఆ గొంతు విని ఎన్నాళ్లైందో. నాకు ఆనందంతో చేతులాడలేదు. ఇంతమంది చూస్తున్నారంటే సాయంత్రానికి బేరం తెగినట్టే అనుకున్నాను.

అప్పుడు ఒక కుర్రజంట గుమ్మంలో ఆగి, కళ్లు మూసుకుని, "ఆహా! గాలి!" అన్నారు.

నాకు చిన్న అనుమానం వచ్చింది. ఆ గుమ్మం ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు, గాలి రావాలంటే గోడలోంచే రావాలి. వాళ్ల వెనక వచ్చిన బట్టతలాయన కూడా ఆగాడు, కళ్లు మూశాడు, "ఆహా! గాలి!" అన్నాడు. ఆయన తర్వాత వచ్చినావిడా అంతే. వంటింట్లో ఒకాయన ఇంకొకాయన్ని పట్టుకుని "ఉండటానికా, పెట్టుబడికా?" అని అడుగుతున్నాడు. అవతలాయనా అదే ప్రశ్న ఈయన్ని అడుగుతున్నాడు. ఇద్దరూ జవాబు చెప్పకుండా నవ్వుకుంటున్నారు. చివరికి బట్టతలాయన నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, కార్డు నా చేతిలో పెట్టాడు. "మీ ఏజెంటు కొత్తావిడలా ఉంది. నాకప్పగించండి, అమ్మిపెడతాను."

అది చూసి పక్కావిడా కార్డు తీసింది. కుర్రజంటా తీసింది. నా చేతిలో పేకాటకు సరిపడా కార్డులు. వచ్చినవాళ్లలో కొనేవాడు ఒక్కడూ లేడు, అందరూ ఏజెంట్లే! ఆరా తీస్తే తేలింది, పక్క సంస్థల ఇళ్లకు కొనేవాళ్లలా వెళ్లి వ్యాపారం నేర్చుకు రమ్మని అన్ని ఆఫీసుల గురువులూ శిష్యుల్ని పంపారట. ఆ గురువులంతా ఒకప్పుడు చప్పట్ల సారు శిష్యులేనట. ఇళ్లు అమ్మడం చేతకాక, అమ్మడం ఎలాగో నేర్పడంలో దిగినవాళ్లు.

వదిన మర్నాడే వెళ్లి చప్పట్ల సారును నలుగురిలో అడిగేసింది. "సార్, మీరు ఎప్పుడైనా ఒక్క ఇల్లు అమ్మారా?"

"నేను ఇళ్లను కాదమ్మా, మనుషుల్ని తయారు చేస్తాను" అన్నాడాయన, ఛాతీ మీద చెయ్యి వేసుకుని. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. వదిన తన బ్యాగు భుజాన వేసుకుంది. వస్తూ వస్తూ గంట ఒకసారి మోగించబోయింది. అది మోగలేదు, తాడు తెగింది.

మళ్లీ సంస్థ లేదు, గురువు లేడు. ఈసారి ఆవిడ అద్దాల ఆఫీసుల వైపు పోలేదు. వీధుల్లో నిజంగా అమ్ముడైన ఇళ్ల ముందు ఆగి, "మీకు ఈ ఇల్లు అమ్మిందెవరు?" అని అడుగుతూ తిరిగింది. ఎక్కువమంది ఒకే మాట చెప్పారు. "ఒక ముసలావిడండీ. ఎప్పుడూ గొణుగుతూ ఉంటుంది."

గొణుగుడు పిన్నిగారి ఆఫీసు ఒక టైలరు కొట్టు వెనక గది. రెండు కుర్చీలు. ఒకటి ఆవిడకు, రెండోది ఆవిడ కాళ్లకు. వచ్చినవాళ్లు నిలబడాలి. వదిన తన ప్రశ్నలన్నీ మొదలుపెట్టబోయింది. పిన్నిగారు చెయ్యెత్తి ఆపారు.

"స్కూటరుందా?"

"ఉందండీ."

"రేపట్నించి రా."

అదీ ఇంటర్వ్యూ. ఆవిడ గొప్ప మహాత్మురాలేమీ కాదు, ముందే చెబుతున్నా. మా వదినను స్కూటరు తోలే మనిషిగా వాడుకుంది. మందుల షాపుకీ, మనవరాలి స్కూలుకీ తిప్పించుకుంది. ఒకసారి వదిన తెచ్చుకున్న గిరాకీని తనే ఎగరేసుకుపోయి, "చూశావా, జాగ్రత్తగా లేకపోతే ఇలాగే పోతుంది" అని అదీ పాఠమే అన్నట్టు గొణిగింది. మెట్లున్న ఇల్లైతే కిందే స్కూటరు మీద కూచునేది, పైకి రాదు. మా ఇల్లు ఆవిడ ఇంతవరకూ చూడనేలేదు. కానీ ఇళ్లు అమ్మేది. స్కూటరు వెనక కూచుని వదిన చెవిలో జోరీగలా గొణిగిన వంద మాటల్లో ఒకటి మా వదిన పట్టుకుంది.

"పొగిడేవాణ్ణి చూసి మురిసిపోకు. వాడు కాఫీ తాగి పోతాడు. అక్కర్లేని ఇంటిని ఎవడూ తిట్టడు. తిట్టేవాడి పక్కన నిలబడు."

ఇటు మా ఇంట్లో ఇంకో తమాషా జరుగుతోంది. ఆ ఆదివారం వచ్చిన ఏజెంట్లు రావడం మానలేదు. మా ఆయనే రమ్మన్నారు. "మీరు ప్రాక్టీసు చేసుకోవడానికి ఎవరూ దొరకరు కదా, నా మీద చేసుకోండి" అన్నారట. బట్టతలాయన, కుర్రజంట, ఇంకొకడు. రోజూ ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి మా ఇల్లు మాకే అమ్మడం! ఈయన ఒకరోజు పిసినారి కొనుగోలుదారు వేషం, ఇంకోరోజు పెళ్లాం మాట వినని మొండివాడి వేషం. ఆ రెండోదానికి వేషం అక్కర్లేదు. హాలంతా నవ్వులే. నేను కాఫీలు కలిపి కలిపి విసిగిపోయినా, ఆయన మొహం చూసి కిమ్మనకుండా ఊరుకున్నాను.

అలా ఉండగా ఒకరోజు నిజంగానే కొనేవాళ్లొచ్చారు. భార్యాభర్తలిద్దరూ స్కూల్లో టీచర్లు. కొళాయిలు తిప్పారు, గోడలు తట్టారు, మొహాలు చిట్లించారు. "వంటిల్లు మరీ ఇరుకు. మెట్లు చూస్తేనే గుండె ఆగిపోయేలా ఉంది. కిటికీ రెక్కలు ఊడొస్తున్నాయి." వదిన నా చెయ్యి గిల్లేసింది. "తిడుతున్నారు మరదలా, తిడుతున్నారు! కొంటారు!" వాళ్లను మా ఆయన దగ్గర కూచోబెట్టి, మేమిద్దరం కాఫీకి వెళ్లాం.

తిరిగొచ్చేసరికి వాళ్లు లేచి నిలబడి ఉన్నారు. కాఫీ వద్దన్నారు. ఆలోచించుకుంటామని వెళ్లిపోయారు. వదిన వెంటపడి కిందిదాకా వెళ్లి, రొప్పుతూ తిరిగొచ్చింది.

"అన్నయ్యగారూ, వానాకాలం పడగ్గది గోడ చెమ్మ పడుతుందని మీరే చెప్పారా?"

"నిజమేగా."

"ట్యాంకు నీళ్లు సాయంత్రానికి అయిపోతాయనీ?"

"అదీ నిజమే."

"పైన డాబా మీద కుర్రాళ్లు బంతాట ఆడతారనీ, పక్కవాళ్లు తలుపు దడాలున వేస్తారనీ, బాత్రూం గొట్టం మీరే గుడ్డ చుట్టి ఆపారనీ..."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఎవరి కోసం ఈ తాపత్రయమంతా? "మీకు కిందికి దిగాలని లేదా? ఈ కుర్చీలోనే పోతారా?" అని అరిచాను. అనకూడని మాటే, అనేశాను.

ఆయన నాకేసి కాదు, నేల కేసి చూస్తూ అన్నారు. "కిందింట్లోకి పోతే నా దగ్గరికెవరొస్తారే? ఇల్లు అమ్మకానికి ఉన్నన్నాళ్లే మనుషులు మెట్లెక్కుతారు. అమ్ముడైపోతే ఇంకెవరికి కావాలి నేను?"

ఆ మనిషి పక్కన ఇన్నేళ్లుగా ఉండి, ఆయనకు నొప్పి మోకాళ్లలోనే ఉందనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

వదిన మాత్రం కళ్లజోళ్ల దుకాణంలో చూసినట్టు తల పక్కకు వాల్చి ఆయన్నే చూస్తోంది. "తిట్టారంటే ఈ ఇల్లు ఈయనకు కావాలన్నమాట" అంది మెల్లగా. "ఇల్లు కాదులే. ఇంట్లోకొచ్చే జనం."

నాలుగు రోజులకు టీచర్లిద్దరూ ఫోను చేశారు. వాళ్లు చూసిన ఇళ్లలో లోపాలన్నీ ముందే చెప్పింది మా ఆయనొక్కరేనట. మిగతావి ఎక్కడ ఏం దాచారోనని భయంగా ఉందట. "కొంటే ఆయన దగ్గరే కొంటాం. సాయంత్రంలోగా ఆయన్ని ఔననమనండి" అన్నారు. చెడగొడదామని చెప్పిందే బేరం కుదిర్చింది! వదిన ఎగిరి గంతెయ్యలేదు. ఈయన కాదంటే అంతా మొదటికొస్తుందని తెలుసు. తిన్నగా పిన్నిగారి దగ్గరికి పోయి, "ఎవరూ కొనని నేల ఇల్లు మీ చేతిలో ఏదైనా ఉందా? రొదగా ఉండాలి, జనం మధ్యలో ఉండాలి" అంది.

పిన్నిగారు ఆవిడ నుదురు తాకి చూశారట, జ్వరమేమోనని. తర్వాత తాళం తీసి ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం బట్టతలాయన, కుర్రజంట, ఆ ఇంకొకడు కలిసి మా ఆయన్ని కుర్చీతో సహా కిందికి దించారు. వేరు వేరు సంస్థలవాళ్లు, ఒకరి గిరాకీని ఒకరు లాక్కునేవాళ్లు. ఆ ఒక్క పనికి ఒక్కటయ్యారు. మలుపు మలుపుకూ "కుడివైపు, మెల్లగా, బ్రేకు" అని ఈయన డ్రైవింగు చెబుతూనే ఉన్నారు. కింద నేల తగలగానే ఎవరికి వాళ్లు అలవాటుగా చప్పట్లు కొట్టేశారు. స్కూటరు మీద కూచున్న పిన్నిగారు ఒక్క చూపు చూసేసరికి ఆపేశారు.

ఇల్లు పక్క సందు మొదట్లోనే. అరుగున్న పాత ఇల్లు. అరుగుకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో బస్‌స్టాపు. ఆ రొదకే ఎవరూ కొనలేదట. కుర్చీ అరుగు మీద పెట్టారు. బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ మా ఆయన వైపు తిరిగి, "మార్కెట్టు బస్సు పోయిందా బాబూ?" అని అడిగింది. "ఇంకా రాలేదమ్మా, కూచోండి" అన్నారు. ఆవిడ అరుగు అంచున కూచుంది. ఇంకెవరో ఏదో అడిగారు. ఈయన చెప్పారు. ఇంతలో బస్సొచ్చి కీచుమంటూ ఆగింది. "క్లచ్చి మీద నుంచి కాలు తియ్యవయ్యా, నాలాగా అవుతావు!" అని అరిచారు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అలాగే మాస్టారూ!" అని నవ్వుతూ పోయాడు.

మేమేమీ అడగలేదు. వదిన నన్ను అడగనివ్వలేదు. అప్పుడే ఇంకో బ్రోకరు ఒక భార్యాభర్తల్ని వెంటబెట్టుకుని అదే ఇల్లు చూపించడానికి తెచ్చాడు. మా ఆయన వాళ్లను ఎగాదిగా చూశారు.

"ఇల్లు చూడ్డానికొచ్చారా? ఏం ఇల్లండీ ఇది. ఆ రొద విన్నారా? గిన్నెలు వాటంతటవే కదిలి గూట్లోంచి కింద పడతాయి. దుమ్ము చూడండి, ఇది పొద్దున తుడిచిన అరుగు. ఆ తలుపుకు చెద పట్టినట్టుంది. చూసి చూసి ఎవరైనా కొంటారా?"

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తిడుతున్నారు మరదలా" అంది. వెనక స్కూటరు మీద గొణుగుడు కూడా ఆగిపోయింది.

వచ్చినావిడ ఇంకా అనుమానంగా గుమ్మం వైపు చూస్తోంది. నేను చెంగుతో కళ్లు తుడుచుకుని ముందుకు వెళ్లాను.

"నీళ్లు కూడా సరిగ్గా రావండీ" అన్నాను, ఆ ఇంట్లో కొళాయి ఎక్కడుందో ఇంకా చూడకుండానే.